నాన్న ఎత్తేసే చోటు

పాట మధ్యలో గ్రామఫోన్ రికార్డు ఎగురుతోందని ఎవరైనా నా షాపుకి వచ్చారంటే, వందలో తొంభై సార్లు తప్పు దుమ్ముది. ఎనిమిది సార్లు సూదిది. మిగతా రెండు సార్లు తెచ్చినవాడిది. ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి లెక్క తప్పదు.

తెచ్చినవాడి తప్పంటే నాణెం. సూది గాడిలో నిలబడట్లేదని ఎవడో తెలివైనవాడు సూదిని మోసే ఆర్మ్ చివర ఓ నాణెం పెట్టి టేపు అంటించేస్తాడు. ఆ బరువుకి సూది ఎగరదు, నిజమే. పాట ఆగకుండా సాగుతుంది. ఈలోగా సూది ఆ గాడిని దున్నేస్తూ ఉంటుంది. నాలుగు రోజులు పోయాక పాటా ఉండదు, గాడీ ఉండదు. గోటితో పోయేదానికి గొడ్డలి తేవడమంటే ఇదే.

మా నాన్నదీ ఇదే పని. అలాంటి నాణేలు పీకి ఓ పాత బిస్కెట్ డబ్బాలో పడేసేవాడు. డబ్బా మీద ఎర్ర రంగుతో 'మూర్ఖుల డబ్బా' అని రాసుకున్నాడు. "నాణెం పెట్టేవాడు మెకానిక్ కాదురా, కసాయి" అనేవాడు. షాపుతో పాటు ఆ డబ్బా కూడా నాకే వచ్చింది. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆదివారం నేను చేసిన వెధవ పని అదే.

ఆ రోజు షాపుకి సెలవు. మధ్యాహ్నం భోజనం అయ్యాక షట్టరు సగానికి దించి కూర్చున్నాను. అక్క దాని కిందనుంచి వంగి వచ్చింది. చేతిలో చదరపు అట్టపెట్టె. ఆ పెట్టె ఎక్కడున్నా గుర్తుపడతాను. అందులో ఉండేది మా అమ్మ గొంతు.

అప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకి తొమ్మిది. అమ్మ మంచం పట్టింది. మనిషి గొంతుని ఇంట్లోనే రికార్డు మీద గాడిగా కోసే యంత్రం ఒకటి నాన్న దగ్గరికి రిపేరుకి వచ్చింది. బాగుచేశాక, తిరిగి ఇచ్చేలోపు అమ్మచేత మాట్లాడించి ఒక రికార్డు కోశాడు. అది జరిగిన పదకొండు రోజులకి అమ్మ పోయింది. తర్వాత ఏడాదికి ఒక్కసారి మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి వినిపించేవాడు. అలాంటి రికార్డు మెత్తగా ఉంటుంది, వేసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. అందుకే ఏడాదికి ఒక్కసారి.

అదైనా పూర్తిగా కాదు. అమ్మ మా ఇద్దర్నీ ఆటపట్టిస్తుంది, అక్క జడ గురించి ఏదో అంటుంది, దగ్గుతుంది, ఆఖర్న "ఇంకొక్క మాట..." అంటుంది. సరిగ్గా అక్కడ నాన్న చూపుడువేలు, ఆర్మ్ ఎత్తడానికి దాని చివరుండే కొక్కెం కిందికి వెళ్ళేది. సూది లేచేది. "తర్వాతంతా ఖాళీ" అనేవాడు. చిన్నప్పుడు నమ్మాం. పెద్దయ్యాక అడిగితే కసిరేవాడు. రికార్డు దాచిన బీరువా తాళంచెవి తన మొలతాడుకే ఉండేది. నాన్న పోయి రెండేళ్ళయింది. ఆ రికార్డు అక్క వాటాకి వచ్చింది. అరిగిపోతుందని తనూ వెయ్యలేదు.

"గురువారం ఆపరేషన్ ఖాయం చేశారురా," అంది అక్క స్టూలు లాక్కుని. కుడి చెవి ఆవిడకి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమ చెవి వెనక గడ్డ. ప్రాణానికి భయం లేదన్నారు. వినికిడి మాత్రం మిగలదన్నారు.

"రెండో అభిప్రాయం తీసుకోకపోయావా?"

"మూడోది కూడా అయింది. ఉన్న ఈ నాలుగు రోజుల్లో పనికిమాలిన మాటలు ఎందుకు వినాలి? నీ పాఠాలు కూడా ఆపు. అమ్మ ఆ ఒక్క మాట ఏం చెప్పిందో వినాలి. అంతే."

ఇంకేం అడుగుతుంది? యాభై రెండేళ్ళలో అక్క నన్ను ఏదైనా చేసిపెట్టమని అడగడం అదే మొదటిసారి. తల్లి లేని నన్ను ముక్కు తుడిచి, బడికి తరిమి పెంచింది తనే. ఈ పని చెయ్యలేకపోతే నేను మెకానిక్‌ని అయ్యి ఏం లాభం?

ముందు భూతద్దం కింద పెట్టి చూశాను. నాన్న ఎత్తేసే చోటు దాటాక కూడా గాడి ఉంది. రెండు వేళ్ళ వెడల్పున, మధ్యలోని కాగితం చుట్టూ ఉన్న ఖాళీదాకా, చక్కటి సన్నటి మెలికలతో. మెలికలున్నాయంటే ధ్వని ఉన్నట్టే.

"ఖాళీ కాదక్కా. అబద్ధం చెప్పాడు."

అక్క స్టూలు దగ్గరికి జరుపుకుంది. ఎడమ చెవి నావైపు తిప్పి కూర్చుంది.

కిటికీలు మూసి, షట్టరు ఇంకాస్త కిందికి లాగాను, వీధి మోత లోపలికి రాకుండా. ట్యూబులైటు జుయ్‌మంటుంటే అక్కకి అడ్డమని అదీ ఆర్పేశాను. బల్ల మీది చిన్న దీపం ఒక్కటే మిగిలింది. పట్టపగలే గది చీకటిపడింది. పెట్టె మూత తీయగానే ఆముదం వాసన వచ్చింది. అలాంటి పాత రికార్డులకి ఆ వాసన మామూలే. నా దగ్గరున్న వాటిలో మంచి ప్లేయరు మీద పెట్టి సూది దించాను.

"పెద్దదీ, చిన్నోడూ... మీ నాన్న ఏదో పెట్టె తెచ్చి నా నోటి ముందు పెట్టాడు. రోజూ నోరు మూసుకోమనే మనిషి, ఇవాళ మాట్లాడమంటున్నాడు..."

అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. జడ సంగతి వచ్చింది. దగ్గు వచ్చింది. తర్వాత...

"ఇంకొక్క మాట... ఇంకొక్క మాట... ఇంకొక్క మాట..."

సూది ఒక గాడి వెనక్కి పడుతోంది. ఎత్తేశాను. సరే, దుమ్ము. మెత్తటి బ్రష్షుతో తుడిచి మళ్ళీ వేశాను. అక్కడే. సూది అరిగిందేమోనని కొత్తది పెట్టాను. అక్కడే. రసమట్టం పెట్టి చూస్తే బల్ల కాస్త ఎడమకి వాలి ఉంది. కాళ్ళ కింద అట్టముక్కలు దూర్చి సరిచేశాను. ఆర్మ్‌ని పక్కకి లాగే స్ప్రింగు బిగించాను. వదులు చేశాను. వెనక బరువు ఓ చుట్టు తిప్పాను. సూది ఉండే కార్ట్రిడ్జ్ మొత్తం విప్పి, నాలుగు తీగలు శుభ్రం చేసి, ఇంకో కార్ట్రిడ్జ్ బిగించాను. ఆ వెంట్రుకంత తీగలతో కుస్తీ పడేసరికి నా కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఇంకొక్క మాట... ఇంకొక్క మాట..."

వేరే రికార్డు వేసి చూశాను. వెన్నలా సాగింది. అయితే తప్పు ఈ రికార్డుది. భూతద్దం పెట్టి ఆ చోటు వెంట్రుక వెంట్రుకా వెతికాను. గీత లేదు, పగులు లేదు. అయితే తప్పు ప్లేయరుది. రెండో ప్లేయరు దించాను. అక్కడే. అయితే తప్పు ఎవడిది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. స్క్రూడ్రైవరు విసిరి కొట్టాను.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట," అంది అక్క.

"నువ్వూరుకో అక్కా! ప్రతిసారీ అమ్మ గొంతు అరిగిపోతోందిక్కడ!"

నిజంగానే అరిగిపోతోంది. మొదటిసారి విన్న దగ్గు ఇప్పుడు దూరం నుంచి వస్తున్నట్టుంది. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. ఈసారి వినడం మానేసి, కళ్ళు ఆర్మ్ ఎత్తుకి వచ్చేలా బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. దీపం దగ్గరికి జరిపాను.

సూది మెల్లగా లోపలికి వస్తోంది. జడ... దగ్గు... "ఇంకొక్క మాట..."

కొక్కెం లేచింది.

ఎగరడం వేరు, ఎత్తడం వేరు. ఎగిరే సూది పక్కకి విసురుగా పోతుంది. ఇది పక్కకి పోలేదు. కింద ఎవరో వేలు పెట్టినట్టు నిదానంగా, జాగ్రత్తగా పైకి లేచింది. కాస్త కుడికి వాలుగా. మళ్ళీ ఒక గాడి వెనక దిగింది.

ఆ వాలు నాకు తెలుసు. ఫ్యాను రెక్క తగిలి నాన్న చూపుడువేలు వంకర పోయింది. ఆయన ఏ రికార్డు మీదనుంచి సూది ఎత్తినా అలా కుడికి వాలేది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఆ వాలు చూసి నవ్వేవాణ్ణి.

ఆముదం వాసన గట్టిపడింది. మెడ మీద ఎవరో ఊపిరి పీల్చినట్టయింది. పీల్చారు... వదల్లేదు.

అక్క కూడా వంగి చూస్తోంది.

"నాన్నే..." అంది గొణుగుతూ.

భయం వెయ్యాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ ఎత్తేశాడు. చచ్చాక కూడానా? మా అమ్మ మాకు చెప్పిన మాట అది. మధ్యలో ఈయన పెత్తనమేంటి?

అక్క ప్లేయరు ముందు చేతులు జోడించినంత పని చేసింది. "నాన్నా, గురువారం తర్వాత నాకేమీ వినపడదు. ఒక్కసారి వదిలెయ్యి. ఒక్కసారే."

సూది దించాను. 

"ఇంకొక్క మాట... ఇంకొక్క మాట..."

ఈసారి కొక్కెం వణుకుతూ లేచింది. అంతే తేడా. అక్క మొహం చేతుల్లో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పోయిన రోజు కూడా తను అలా ఏడవలేదట. నన్ను ఎత్తుకుని ఉంది కాబట్టి ఏడవలేదని నాన్నే చెప్పేవాడు.

తర్వాత ముక్కు చీదుకుని, "ఆ రికార్డు కోసిన మర్నాడు గుర్తుందిరా నాకు," అంది. "వారం రోజులు నాన్న చెవుల్లో దూది పెట్టుకుని తిరిగాడు. జలుబు అన్నాడు. ఒక్క తుమ్మైనా తుమ్మలేదు."

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించి ఉండాల్సింది. తెల్లగా, ఉబ్బిపోయి, నావైపు చూస్తున్న అక్క మొహమే చూశాను గానీ, ఆ మాట పట్టించుకోలేదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మా ఇంట్లో అందరం.

మూర్ఖుల డబ్బా తీశాను.

"ఒరేయ్, నాన్న తిడతాడురా," అంది అక్క అలవాటుగా.

"తిట్టనీ."

ఒక నాణెం ఆర్మ్ తల మీద పెట్టాను. సూది దించితే మళ్ళీ ఆ చోటు వచ్చింది. కొక్కెం లేచింది, ఈసారి నెమ్మదిగా, నిండు బిందె ఎత్తుతున్నట్టు. అయినా లేచింది. రెండోది కూడా పెట్టి, రెండింటికీ కలిపి టేపు చుట్టాను. నా చేతులతో నేనే. మళ్ళీ దించాను.

జడ... దగ్గు...

ఆర్మ్ గజగజ వణికింది. లేవబోయింది. దిగింది. మళ్ళీ లేవబోయింది. అప్పుడు ఓ చిన్న చప్పుడు... టక్. మెటిక విరిచినట్టు. స్పీకర్లోంచి కాదు, నా చెవి పక్కనుంచి.

ఆర్మ్ వణుకు ఆగిపోయింది. సూది చోటు దాటింది.

"ఇంకొక్క మాట..." అంది అమ్మ. గరగర ఆగిపోయింది. అప్పటిదాకా గొంతు వెనక వాన పడుతున్నట్టుండే గరగర మొత్తం ఆగిపోయింది. దగ్గు లేదు. ఆయాసం లేదు. గొంతు గదిలోనే ఉంది.

"అమ్మయ్య... ఎన్నాళ్ళకి."

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ప్రతిసారీ వేలు అడ్డం పెట్టేవాడు. పాపం, ఇప్పుడు నలిగింది." చిన్న నవ్వు. అమ్మ నవ్వే. కానీ నవ్వాల్సిన చోట కాదు. "పెద్దదీ... ఇలా రా. ఆ మంచి చెవి ఇటు పెట్టు. చిన్నోడు వినకూడదు."

"అక్కా, వద్దు..."

విదిలించుకుని వెళ్ళింది. స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చెవి దానికి ఆనించింది. గొంతు గుసగుస అయింది. నాకు మాటలు వినపడట్లేదు. తడి పెదాల చప్పుడు మాత్రం వినపడుతోంది. ఆగకుండా... ఊపిరి తీసుకోకుండా...

కొక్కెం కింద వేలు పెట్టి ఎత్తబోయాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. బల్ల కదిలింది గానీ ఆర్మ్ కదల్లేదు. ప్లగ్గు పీకేశాను. రికార్డు తిప్పే పళ్ళెం నెమ్మదించింది. కరెంటు పోతే గొంతు సాగి, బొంగురుపోయి ఆగాలి. ఈ పనిలో వెయ్యిసార్లు విన్నాను. ఇది సాగలేదు. బొంగురుపోలేదు. పళ్ళెం ఆగిపోయింది... దీపం వెలుగులో రికార్డు కదలకుండా ఉంది...

గుసగుస సాగుతూనే ఉంది.

టేపు గోళ్ళతో చీల్చి పీకాను. నాణెం నేల మీద పడి దొర్లింది. ఆర్మ్ ఒక్కసారిగా పైకి లేచింది. నిశ్శబ్దం.

అక్క నావైపు తిరిగింది. చెంప మీద స్పీకరు గుడ్డ అచ్చు పడి ఉంది. ఏడుపు లేదు. చిన్నపిల్లలా వెలిగిపోతోంది ఆ మొహం.

"ఏం చెప్పింది?"

"నువ్వు వినకూడదంది కదా," అంది. చీర సర్దుకుని, షట్టరు కిందనుంచి వంగి, ఎండలోకి వెళ్ళిపోయింది. అప్పటికింకా సాయంత్రం ఐదు కూడా కాలేదు.

లైట్లన్నీ వేసి రికార్డు చూశాను. నాన్న ఎత్తేసే చోటు నుంచి లోపలికి గాడి లేదు. నున్నగా, అద్దంలా ఉంది. ఇందాక ఆ మెలికలు నా కళ్ళతో చూశాను. ఇప్పుడు భూతద్దంలో నా కన్నే కనిపిస్తోంది. సూది అక్కడ పెడితే సర్రున జారి మధ్యలోని కాగితం దగ్గరికి పోయింది. నాణెం లేకుండా మొదటినుంచి వేసి చూశాను, నాన్న ఎత్తుతాడేమోనని. నిజం చెప్పాలంటే, ఎత్తాలని కోరుకున్నాను. "నాన్నా, ఎత్తు" అని పైకే అన్నాను. "ఇంకొక్క మాట" దాకా వచ్చి, చోటు దాటి, సూది నున్నటి నలుపు మీద జారిపోయింది. ఎవరూ ఎత్తలేదు.

కింద ఊడ్చాను. ఒక నాణెం దొరికింది. రెండోది దొరకలేదు. చీల్చిన టేపు మీద మాత్రం రెండు గుండ్రటి అచ్చులున్నాయి. బల్ల కింద, పళ్ళెం కింద, ప్లేయరు విప్పి లోపల, మూడుసార్లు వెతికాను. ఆఖరికి పోతే పోయిందిలే అనుకుని డబ్బా మూత పెట్టేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. చెప్పినట్టే వినికిడి పోయింది. పది రోజుల తర్వాత పలక, సుద్దముక్క పట్టుకుని అక్కని చూడడానికి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. తలకి కట్టు. ఎడమ చెవి గోడవైపు పెట్టి, నెమ్మదిగా తలూపుతోంది. మధ్యలో ముసిముసిగా నవ్వింది. ఎవరో మాట్లాడుతుంటే ఊ కొట్టినట్టు "ఊఁ" అంది.

పలక మీద రాశాను: ఎలా ఉంది?

"హాయిగా ఉందిరా. ఎక్కడా ఎగరట్లేదు," అంది. తన గొంతు తనకి వినపడక గట్టిగా మాట్లాడుతోంది. "పగలూ రాత్రీ చెబుతూనే ఉంటుంది. నిద్రపోనివ్వదు గానీ, అమ్మే కదా."

నా చేతిలో సుద్దముక్క విరిగింది. 

"ఒక్కటే చిరాకు," అంది అక్క, చెవి ఇంకాస్త గోడకి నొక్కుతూ. "వెనకాల ఎక్కడో నాన్న కూడా ఉన్నాడు. అమ్మ మాట వినపడనివ్వకుండా అదేపనిగా అరుస్తున్నాడు. ఒకటే మాట... రికార్డు ఎగిరినట్టు."

ఏ మాట? అని రాశాను. 

అక్క కళ్ళు మూసుకుని, అచ్చం నాన్నలా గొంతు పెట్టి చెప్పింది.

"ఎత్తరా... ఎత్తరా... ఎత్తరా..."

కళ్ళు తెరిచి నావైపు చూసింది. "నీతోనే అంటున్నట్టున్నాడు. ఏం ఎత్తాలిరా? అక్కడ ఏమైనా పెట్టి మర్చిపోయావా?"

షాపుకి వచ్చి, షట్టరు పూర్తిగా ఎత్తి, వీధి వెలుగంతా లోపలికి రానిచ్చి, ఎక్కడో ఇంకా సూదిని నొక్కిపెట్టి ఉన్న ఆ రెండో నాణెం కోసం నాలుగోసారి వెతకడం మొదలుపెట్టాను.